ఆటుపోటుల చదువు: ఏటిమొగలందును రేవులందును వేట నేర్చిన విధము

తెలుగుతీరపు రేవులను గూర్చి వ్రాయబడిన చరిత్రలు పెక్కు కలవు. కాని అవి మిక్కిలిగా వర్తకుల చరిత్రలు. 1244వ సంవత్సరమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనమును చదివినవారికి చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు మొదలగు సరకులపై విధించిన సుంకముల వివరము దొరకును. తుపానున పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును రాజు హరింపడనెడి వాగ్దానము దొరకును. ఆ రేవులోనే తెల్లవారుజామున వలవేసినవాని ప్రసక్తి అందు లేదు. ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. సుంకము చెల్లించువాని కొరకు చెక్కిన శాసనమది.

రేవుల చరిత్రలో ఈ విధముగా వ్రాయక మిగిలిన భాగమొకటి కలదు. ఏటిమొగలలోను, ఉప్పుటేళ్లలోను, ఓడరేవుల అంచులలోను చేపలవేట క్రొత్తగా ఆరంభించువాడు ఆ పనిని ఎట్లు నేర్చుకొనెను, ఆ చదువు సాగిన తావులు తరువాత ఏమైనవి అనునదే ఆ భాగము. నడిసముద్రపు వేటను గూర్చి కథలును పాటలును పుట్టినవి. మొగవేట అంతటి గౌరవమునకు నోచుకొనలేదు. అది పిల్లలవేట, ముసలివారివేట యని చులకనగా చూచుట వాడుక. కాని ఎంతటి వేటగాడైనను మొదట పిల్లవాడే కదా! గోదావరి మొగలను, కాకినాడను, విశాఖపట్టణమును ఆధారముగా గొని ఈ సంగతిని విచారింతును.

ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా చీలును. వసిష్ఠనుండి వైనతేయ విడిపోవును. గౌతమి యానామును దాటి, కోరంగి మడ అడవులకు నీరిచ్చుచు, పలుపాయలై కడలి చేరును. వసిష్ఠ అంతర్వేదివద్దను, వైనతేయ ఓడలరేవువద్దను సముద్రమున కలియును. ఈ మొగలలోని నీరు పూర్తిగా ఏటినీరు కాదు, పూర్తిగా కడలినీరును కాదు. వానకాలమున ఎర్రనీరు దిగినప్పుడు మొగవరకును తీయనినీరే యుండును. వేసవి వచ్చుసరికి ఉప్పు ఎగువకు ప్రాకి, ఉప్పుటేళ్లు సముద్రపు చేతులవలె నగును. ఈ మార్పు ననుసరించియే చేపలు వచ్చుచు పోవుచుండును.

సముద్రములో వేటకు పోవలెనన్నచో ముందుగా ఒడ్డున విరుగు కెరటమును చీల్చుకొని తెప్పను బయటికి తీయవలెను. అది బాలునికి గాని, క్రొత్తగా వలపట్టిన పెద్దవానికి గాని చేతనగు పని కాదు. మొగలోపల ఆ కెరటము లేదు. మొలలోతు నీరు, మెత్తని నేల. ఒక తాటిదోనె యున్న చాలును; దోనె లేకున్న కాళ్లే చాలును. ఆడవారు ఈ తావులలో వలయే లేకుండ చేతులతో పీతలను, రొయ్యలను ఏరుకొనుట, గుల్లలు త్రవ్వుట అనాదిగా కలదు. కాకినాడ అఖాతములో ఏరిన గుల్లలను కాల్చి చేసిన సున్నముతో ఎన్ని ఇండ్లకు గోడలు లేచినవో లెక్కింపలేము. ఇట్లు మొగయే వేటవారి తొలిబడి యైనది. అందు గోడలు లేవు, పలకలు లేవు. వేళ మాత్రము కచ్చితముగా నుండెను. ఆ వేళను చంద్రుడు నిర్ణయించును.

కావున తొలిపాఠము వల కాదు, గాలమును కాదు, నీటిని చూచుట. తూర్పుతీరమున దినమునకు రెండుమారులు పోటు, రెండుమారులు పాటు. పుస్తకములలో మనము ఆటు అని వ్రాయుదుము గాని వేటవారి నోట పాటు అనుమాటయే తరచుగా వినబడును. అమావాస్య పౌర్ణములకు పోటు బలముగా నుండును, అష్టమినాటికి సన్నగిల్లును. కాకినాడ, విశాఖపట్టణములలో బలమైన పోటునాడును నీరు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే లేచి దిగును. పడమటితీరమున ఖంభాతు అఖాతములో పదిమీటర్ల వరకు లేచునని విన్నవారికి ఇది స్వల్పముగా తోచును. కాని చదునైన బురదనేలపై ఒకటిన్నర మీటరు నీరు దిగుట యనగా కనుచూపుమేర నేల బయటపడుట యని గ్రహింపవలెను.

పంచాంగ మెరిగినవానికి పోటువేళను లెక్కకట్టుట కష్టము కాదు. చంద్రుడు తిథికి పండ్రెండు భాగల చొప్పున సూర్యునికి ఎడమగును. ఆ పండ్రెండు భాగలకు కాలము రెండు గడియలు, అనగా నలువదియెనిమిది నిమిషములు. అమావాస్యనాడు తన ఊరి మొగలో పోటు ఏ వేళకు నిండునో ఒక్కమారు గుర్తించినవాడు, పాడ్యమి, విదియ, తదియ యని తిథికి రెండు గడియలు కలుపుకొనుచు పోవచ్చును. పదునైదు తిథులకు ముప్పది గడియలు, అనగా పండ్రెండు గంటలు. పౌర్ణమినాటికి లెక్క తిరిగి మొదటి వేళకే చేరును. మన ఇండ్లలో శుభకార్యములకు మాత్రమే విప్పెడి పంచాంగము మొగవేటకు ఇంత చక్కని గడియారమగుట ఎందరికో తెలియదు. అయితే గాలియు, వరదయు ఈ లెక్కను చెరచుచుండును. ఏరు వరదమీద నున్నప్పుడు పాటు సాగి, పోటు కురుచయగును. ఓడలవారి కొరకు అచ్చువేయు పట్టికలలో ఈ సవరణ దొరకదు. దానిని గట్టున నిలిచి, గుంజపై తడిజాడను జూచి తెలిసికొనవలసినదే.

ఈ పాఠము రానివాని పాట్లు రెండు విధములు. పాటునీరు దిగుచుండగా సన్నని ఉప్పుటేటిలోనికి దోనె నడుపుకొని పోయినవాడు కొంతసేపటికి దోనెతో సహా బురదలో నిలిచిపోవును. మరల నీరు వచ్చువరకు గంటలతరబడి ఎండలో కూర్చుండవలసివచ్చును. చుట్టును తడియే యైనను త్రాగుటకు చుక్క యుండదు. దీనికి నవ్వుకొనవచ్చును. రెండవదానికి నవ్వరాదు. మొగ మొనలో మొలలోతున నిలిచి వేటాడువానిని పాటుపరుగు కడలిలోనికి ఈడ్చుకొనిపోవును. అందుచేతనే క్రొత్తవానిని పోటునీటిలోనే దింపుట పెద్దల పద్ధతి. పోటు లోనికి నెట్టును. పాటు బయటికి నెట్టును. ఇంతకంటె సులభమైన సూత్రమును ఏ బడియు చెప్పజాలదు.

రెండవపాఠము పాదములకు. బురదనీటిలో అడుగెత్తి వేయరాదు. నేలను రాచుకొనుచు నడవవలెను. ఇసుకను కప్పుకొని పండుకొన్న టెంకిచేప ప్రక్కనుండి కాలు తాకిన తొలగిపోవును. పైన అడుగుపడిన తోకముల్లుతో పొడుచును. ఆ విషపుపోటుకు ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో కాలుంచుట నేటి వైద్యులును అంగీకరించిన తొలిచికిత్స. వలలోని జెల్లను చేతితో పట్టరాదు. దాని వీపున ఒకటి, ప్రక్కల రెండు ముండ్లు కలవు. మడ అడవిలో దోనెకు అడ్డముగా వ్రాలిన తిల్లకొమ్మను విరువరాదు. దాని పాలు కంటబడిన చూపు పోవునంత బాధ కలుగును. ఇక తిమిరి యను చేప కలదు. తాకిన చేతిని, కాలిని మొద్దుబారజేయు విద్యుచ్ఛక్తి దాని దేహమున నున్నది. తిమ్మిరి యెక్కించునది గనుక తిమిరి. పేరులోనే హెచ్చరిక యున్నది.

ఈ తిమిరిని పట్టుకొనియే మన తీరపు వేటచదువు మొదటిమారు అచ్చుపుస్తకములోనికి ఎక్కినదని చెప్పవచ్చును. ఆ కథ కొంచెము విపులముగా చెప్పదగినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో విశాఖపట్టణమునకు వచ్చెను. కుంపిణీ కొలువులో అచ్చటికి పెద్దయధికారిగా వచ్చిన తన తమ్మునితో కూడ అతడు వచ్చినాడు. అప్పటికి అతనికి ఏబదియేండ్లు దాటినవి. పూర్వము సిరియాదేశమందలి అలెప్పో నగరమున ప్లేగువ్యాధికి చికిత్సచేసి పేరుపొందినవాడు. 1785లో కుంపిణీవారు అతనిని కర్ణాటదేశపు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. మొక్కలను, పాములను, చేపలను సేకరించి 1789లో అతడు స్వదేశమునకు మరలెను. విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలును చిత్రములును గల అతని గ్రంథము లండనులో 1803లో వెలువడినది. అతడు 1805లో మరణించెను.

ఆ గ్రంథమునకు గల విశేషమేమనగా, అందలి చేపల పేర్లు తెలుగుపేర్లు. లాటిను పేర్లు స్థిరపడని చేపలకు తీరమున విన్న పేరునే ఇంగ్లీషులిపిలో వ్రాసికొనెను. తొలి చిత్రములలోనే తిమిరి, నల్ల తిమిరి కలవు. టెంకి కలదు. సొరలలో కొమ్ముసొర, పాలసొర కలవు. నేడు మనము పండుగప్ప అని మురియు చేపను అతడు పండుమీను అని వ్రాసెను. తరువాత ఫ్రాన్సుదేశపు మహాశాస్త్రజ్ఞుడు క్యువియే మొదలగువారు చేపలను వర్గీకరించునప్పుడు ఈ తెలుగుపేర్లను ఉదాహరించుచు వచ్చిరి. పాములలోను ఇట్లే జరిగినది. కట్లపాముల జాతికి శాస్త్రములో నిలిచిన బంగారస్ అను పేరు మన బంగారమే.

ఏబదియేండ్లు దాటిన ఈ వైద్యుడు మన తీరమున క్రొత్తవిద్యార్థి. సొరకును టెంకికిని భేదము, నల్లతిమిరికిని వట్టి తిమిరికిని భేదము అతనికి చెప్పినవారు వలవేసినవారే. వేటవారు ప్రతి చేపకును వేరుపేరు పెట్టియుండనిచో, రెండువందల చేపలను వేరుపరచుట అతనికి అంత సుకరమై యుండదు. పేరు పెట్టుటయే శాస్త్రమునకు మొదటిమెట్టు. ఆ మెట్టును కట్టినవారు జాలరులు. దానిపై నిలిచినవాడు రస్సెల్. ముఖపత్రముమీద రస్సెల్ పేరు నిలిచినది. ఇందుకు అతనిని నిందింపను. విన్న పేర్లను చెరపక వ్రాసినందులకు మనము అతనికి ఋణపడియున్నాము. తరువాతి కాలపు అధికారులలో ఎందరికి ఆపాటి వినికిడి కలదు?

మూడవపాఠము చేతులకు. విసురువలను నీటిపై మొదట విసరరు. ఎండిన ఇసుకతిప్పమీద పలుమారులు విసరి, వల గుండ్రముగా విచ్చుకొనువరకు సాధనచేయుదురు. త్రాటికొసను ముంజేతికి తగిలించి, వలలో కొంతభాగమును మోచేతిపై వేసికొని, సీసపుగుండ్ల అంచును పంటితో కరచిపట్టి, నడుము త్రిప్పి విడుచుట. ఒక్క క్షణము ఆలస్యముగా పన్ను వదలినవాడు వలతో పాటు తానును నీటబడును. విచ్చుకొనని వల నీటిని చప్పుడుచేసి చేపను తరుముటకు మాత్రమే పనికివచ్చును. అందుచేత క్రొత్తవానిని పాతవేటగాడు తనకు దగ్గరగా నిలువనీయడు.

నూలువలల కాలమున ఈ పాఠమునకు ముందు మరికొంత చాకిరి యుండెడిది. నూలువల తడిసిన బరువెక్కును, ఆరబెట్టనిచో కుళ్లును. చెట్టుబెరడును కాచిన కషాయములో వలను మాటిమాటికి ముంచి ఆరవేయవలెను. ఆ కాగు క్రింద మంట పెట్టుట, చినిగిన కన్నులను అల్లుట క్రొత్తవాని పని. నెలలతరబడి అల్లినవానికి ఏ కన్ను ఏ చేపకో, ఏ దారము ఎంత బరువు నోర్చునో వ్రేళ్లకు తెలిసియుండెడిది. 1960ల తరువాత నైలాను వల వ్యాపించి ఈ చాకిరిని తప్పించినది. అది మేలే. కుళ్లని వల పేదవానికి వరమని ఒప్పుకొనవలెను. కాని తెగి నీటబడిన నైలాను వల కూడ కుళ్లదు. ఎవరును లాగకున్నను చేపను పట్టుచునే యుండును. వల అల్లిన చేతులు వలను పోగొట్టుకొనుటకు వెనుకాడునట్లు, కొన్న చేతులు వెనుకాడవు.

ఇక చేపల నడవడి. ఇది ఒక్కయేడులో వచ్చు పాఠము కాదు. బొంతచేప వలను చూచి ఎగిరి దాటును. రొయ్య కడలిలో గ్రుడ్డుపెట్టగా పిల్లలు పోటుతో మొగలోనికి వచ్చి, మడవేళ్ల నడుమ పెరిగి, ఈడురాగానే అమావాస్య పౌర్ణముల పాటునీటితో మరల బయటపడును. గుంజలకు కట్టిన సంచివల నోటిని పాటునకు ఎదురుగా పెట్టుట అందుకొరకే. పండుగప్ప సంగతి మరింత చిత్రము. ఉప్పుటేళ్లలో పెరిగిన పిల్లలు మొదట మగవై, కొన్నియేండ్లకు పెద్దవై ఆడవిగా మారును. పెద్దవానినన్నిటిని పట్టివేసినచో గ్రుడ్డు పెట్టునది మిగులదు. చిన్నవానినన్నిటిని పట్టినచో పెద్దదగునదే యుండదు. పులస కడలిలో నున్నంతకాలము విలస. వరదనీటి కెదురు గోదావరిలో ప్రవేశించిన పిమ్మట పులస. పేరు మారుటతో వెలయు మారును. ఆ మార్పును చూచుటకు మొగయే సరియైన తావు.

ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్టను 1852 నాటికి ముగించెను. డెల్టా సస్యశ్యామలమైనది, మన ఊళ్లన్నియు ఆ నీటిపంటయే. ఆ మాట చెప్పి రెండవమాటయు చెప్పవలెను: ఎగువకు ఎక్కెడి పులసకు ఆనకట్ట అడ్డుగోడ యైనది. చెన్నపురి వైద్యశాఖలో నుండి చేపల శాస్త్రమున పేరుగాంచిన ఫ్రాన్సిస్ డే 1873లో ప్రకటించిన నివేదికలలో, ఆనకట్టలు చేపల రాకపోకలను ఆపుట, చిన్నకన్నుల వలలు పిల్లచేపలను హరించుట అను రెండు కీడులను గట్టిగా ఎత్తిచూపెను. 1897లో వచ్చిన భారత మత్స్యచట్టము నీటిలో మందుగుండు ప్రేల్చి గాని, విషము కలిపి గాని చేపలను చంపుట నిషేధించినది. వలకన్నును నియమించు అధికారమును రాష్ట్రములకు విడిచిపెట్టెను. విడిచిపెట్టిన అధికారము ఏమగునో చదువరులు ఎరుగుదురు.

ఇంతవరకు మొగను గూర్చి చెప్పితిని. రేవు మొగకు బిడ్డ. మన తీరమున పాతరేవులన్నియు ఏటిమొగలలోనో, ఉప్పుటేళ్లలోనో వెలసినవి. ఓడవానికి కావలసిన నిలుకడనీరే క్రొత్తవేటగానికిని కావలెను. అందుచేత రేవు పెరిగిన ప్రతిచోటను ఈ యిరువురికి ఇరుకు కలుగుచు వచ్చినది.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపొందిన రేవు. అచ్చటినుండి ఓడలెక్కి పోయిన తెలుగువారిని బర్మాలో కోరంగీలు అనియే పిలిచిరి. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును తుడిచిపెట్టినవి. కలకత్తానుండి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి సుడితుపానులకు సైక్లోన్ అను పేరు పెట్టెను. కోరంగి మొగ పూడిపోగా వర్తకము కాకినాడకు తరలెను. గోదావరి తెచ్చిన ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలండు అను పొడవైన ఇసుకదిబ్బ కాకినాడ అఖాతమునకు అడ్డుగా నిలిచి కెరటమును ఆపుచున్నది. ఓడలు దూరమున లంగరువేయగా, నావలు సరకును కాలువలోనికి చేర్చుచుండెడివి. ఆ నావలనడుమనే చేతిగాలముతో కూర్చుండు బాలునికి తావు దొరకినది. 1997లో లోతునీటి రేవు ఏర్పడువరకు కాకినాడ మిక్కిలిగా ఇట్టి నావలరేవే. ఇచ్చట ఇరుకు ఆలస్యముగా వచ్చినది.

విశాఖపట్టణమున అట్లు కాదు. డాల్ఫిన్స్ నోస్ అను కొండ వెనుక మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డల నీరు చేరు పెద్ద ఉప్పుచిత్తడి యుండెడిది. పోటుతో నిండి పాటుతో తేలెడి ఆ చిత్తడి, నేను పైన వర్ణించిన బడికి అన్నివిధముల తగిన తావు. దానిని త్రవ్వి లోపలిరేవును నిర్మించిరి. కెరటములను ఆపుటకు మొగవద్ద రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ లోనికి వచ్చెను. ఆ డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. 1968లో తూర్పు నౌకాదళము అచ్చట కేంద్రమేర్పరచుకొన్నది. దేశమునకు ఇవి అవసరములు, కాదనువాడు లేడు. కాని మొలలోతు నీరున్న చోట పది మీటర్ల లోతు వచ్చినపుడు, బురదగట్టు పోయి రాతిగోడ లేచినపుడు, కాళ్లతో నేర్చుకొనువాని బడి మూతబడినది. ఆ నష్టమును ఏ లెక్కలోను వ్రాసికొనలేదు. చూపుటకు కాగితము గల ఆస్తి కాదు గదా.

రేవుగోడవద్ద వేట వేరువిద్య. గుంజలకు పట్టిన నాచును, గుల్లలను ఆశ్రయించి చేప చేరును. గాలము ఆ గుల్లలకే తగిలి తెగును. పోటు తిరుగబోవునపుడు నీరు నిలుకడగా నుండు కొలదినిమిషములలో బొంతలకు పిండియుండయు, జెల్లకు చేపముక్కయు వేయుదురు. ఓడ కదలినప్పుడు పుట్టు కెరటము నిమిషము ఆలస్యముగా గట్టునకు చేరునని ఎరిగియుండవలెను. లంగరుత్రాళ్ల దాపున నిలువరాదు. చమురు తేలిన నీటిలోని గుల్లలను తినరాదు. మొగలో ప్రకృతి చెప్పిన పాఠములు కొన్ని ఇచ్చట పనికిరావు. క్రొత్తవి నేర్పుటకు పాతవారు లేరు, వారును క్రొత్తవారే.

1970ల చివర విశాఖపట్టణమున చేపలరేవు ప్రత్యేకముగా ఏర్పడి, మరపడవలు విస్తరించినవి. వేటకు చేరు కుర్రవాడు ఇక మొగకు పోలేదు, నేరుగా పడవకు పోయెను. అందు అతని మొదటిపని వంటచేయుట, మంచు మోయుట, వలలో పడినదానిని ఏరుట. నీటిని చూచుట సరంగు పని. క్రమముగా సరంగు చేతిలోని యంత్రముల పని యైనది. 1994లో రాష్ట్రశాసనసభ చేసిన సముద్రవేట నియంత్రణచట్టము తీరజలములను సాంప్రదాయిక నావలకు ప్రత్యేకించినది. 2015నుండి తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువదియొక్క దినములు మరపడవల వేట నిలుపుదల యగుచున్నది. ఈ రెండును మంచి నియమములే.

మొగలకు మరియొక మార్పు రొయ్యలచెరువుల వలన వచ్చినది. 1990ల తొలినాళ్లలో చెరువులకు కావలసిన రొయ్యపిల్లలను కృత్రిమముగా పొదిగించు కేంద్రములు చాలలేదు. గోదావరి మొగలలో పిల్లరొయ్యను పట్టుటకు ఊళ్లకు ఊళ్లు దోమతెరవంటి వలలతో నీటిలో దిగినవి. ఏరుకొన్న రొయ్యపిల్ల చిటికెడు. పారవేసిన ఇతరచేపల పిల్లలు గుప్పెడు. ఫ్రాన్సిస్ డే 1873లో దేనిని వలదనెనో, నూటయిరువదేండ్ల పిమ్మట అదియే క్రొత్తవానికి తొలిపాఠమైనది. వారిని తప్పుపట్టుట సులభము. ఒక్కనెలలో వచ్చు డబ్బు, పదేండ్ల చదువునకు వచ్చునా యని అడిగిన తండ్రికి ఏమి బదులు చెప్పగలము?

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమను పెకలించినది. వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి మొగయూళ్లవారు మొగలలోను, సముద్రములోను వేటలో నుండి పెక్కుమంది తిరిగిరాలేదు. ఆనాడు నీటిని చూచుట తెలిసినవారును పోయిరి, తెలియనివారును పోయిరి. నేర్చిన విద్య అన్ని ఆపదలను తప్పించునని నేను చెప్పజాలను. మొగలోని వేట సురక్షితమను నమ్మకము మాత్రము ఆ రాత్రితో పోయినది. పోయిన పెద్దలతో వారి తలలలోని చదువును పోయినది. దానికి వ్రాతప్రతి లేదు.

ప్రభుత్వము ఈ చదువును గుర్తింపలేదనరాదు. సహకారపరపతిని గూర్చి నివేదికవ్రాసి ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ నికల్సన్ దొర పూనికపై 1907లో చెన్నరాష్ట్రమున మత్స్యశాఖ ఏర్పడెను. అందు పనిచేసిన జేమ్స్ హార్నెల్ మన తెప్పలను, నావలను, వలలను ఊరూర తిరిగి చూచి వ్రాసెను. రస్సెల్ వలె అతడును వేటవారిని అడిగి నేర్చుకొన్నవాడు. నేడు కాకినాడలోను, విశాఖపట్టణములోను మత్స్యవిద్యకు శిక్షణసంస్థలు కలవు. అచ్చట యంత్రములను, దిక్సూచిని, వలల తయారీని చక్కగా నేర్పుదురు. కాని ఈ మొగలోని ఈ మలుపులో పౌర్ణమి పాటునకు ఎచ్చట నిలువవలెనో ఏ సంస్థయు నేర్పజాలదు. అది ఆ ఊరివారే నేర్పవలెను.

ఇచ్చటనే గ్రంథాలయపు పని కొంత కలదని నా అభిప్రాయము. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువలలో పడవమీద పుస్తకములను పెట్టి ఊరూరికి త్రిప్పిరి. పడవ పుస్తకమును మోసినది. పుస్తకము పడవవాని చదువును ఇంకను మోయలేదు. మన గ్రంథాలయపు బీరువాలలో సముద్రశాస్త్రమునకు సంబంధించిన పుస్తకములు ఉండవచ్చును. మన మొగలో వాడెడి వలల పేర్లు ఒక్కచోటను లేవు. ఈ రజతోత్సవ సంవత్సరమున ఒక లావాటి నోటుపుస్తకము కొని, వేటనుండి విరమించిన పెద్దలను పిలిచి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయించుట పెద్ద ఖర్చు కాదు. చేప పేరు, దొరకు నెల, పట్టెడి వల, నిలువవలసిన చోటు, నీరు పోటా పాటా అను అయిదు గళ్లు చాలును. చెప్పినవారి పేరునకు ఆరవగడి తప్పక యుండవలెను. 1803 నాటి పుస్తకమున ఆ గడి లేదు. మొదటి పుటలో తిమిరిని వ్రాయుడని కోరుచున్నాను. ఆ పేరును మన మొగలో నేడు ఎవరు, ఏ చేపను జూపి పలుకుచున్నారో కనుగొనుట ఒక్క ఆదివారపు పని. పాటునీరు ఉదయమున నుండు ఆదివారమును ఎన్నుకొనవలెను.